ఒక్క మాట చెప్తే చాలు, రెజ్యూమె ఎందుకండీ

రిటైరై బందరు వచ్చిన మొదటి నెలలోనే ఒకాయన మా గేటు ముందు స్కూటర్ ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా, "మేడమ్ గారూ, మా అల్లుడికి పద్నాలుగేళ్ల ఎక్స్‌పీరియన్స్ అండీ. మీ పాత కంపెనీలో మీరు ఒక్క మాట చెప్తే చాలు" అన్నారు. రెజ్యూమె ఏదండీ అన్నాను. "అదెందుకండీ, మీరు చెప్తే చాలు కదా" అన్నారు. రెజ్యూమె ఎందుకో ఆయనకు అరగంట చెప్పాను. అంతా విని, వెళ్లేటప్పుడు మళ్లీ "ఒక్క మాట చెప్పండి మేడమ్ గారూ" అని కిక్ కొట్టి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నాకు బీపీ తగ్గలేదు.

ఇరవై ఎనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోకి మనుషుల్ని ఎంపిక చేసే పని చేశాను. కార్డు మీద నా హోదా రెండేళ్లకోసారి మారేది. పని మాత్రం మారలేదు. రెజ్యూమెలు చదవడం, చదివి పిలవడం, పిలవకపోవడం. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం, పది పదిహేనేళ్లు పనిచేసి కూడా తమ పని గురించి పది లైన్లు రాసుకోలేని పెద్దల కోసం ఇది రాస్తున్నాను. రాయించింది మాత్రం గుడివాడ ఝాన్సీ.

ఝాన్సీ మా పిన్నమామగారి వైపు చుట్టం, నన్ను పిన్నీ అంటుంది. నలభై ఒకటో ఏట, పదహారేళ్ల సర్వీసు తర్వాత, ఆమె పనిచేసే ప్రాజెక్టు మూసేశారు. రెండు నెలల నోటీసు ఇచ్చారు. ఆమె భర్త సామ్యూల్‌కి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ ఖర్చంతా కంపెనీ ఇన్సూరెన్సు మీద నడుస్తోంది. నోటీసు ముగిసే రోజున ఇన్సూరెన్సు కూడా ముగుస్తుంది. ఆ రెండు నెలల్లో నెలా పది రోజులు అయిపోయాక ఆమె నా దగ్గరకు వచ్చింది. అప్పటికి ఎన్ని చోట్లకు పంపిందో లెక్కలేదు, ఒక్కరూ పిలవలేదు.

టీ మీద మీగడ కట్టేలోపు

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. ఒక ఖాళీకి వందల కాగితాలు వస్తాయి. ఈ రోజుల్లో కంప్యూటర్ కొన్నిటిని వడపోస్తుంది. మిగిలినవి మనిషే చూడాలి. ఒక్కో రెజ్యూమెకి మొదటి చూపులో నేనిచ్చిన సమయం టీ మీద మీగడ కట్టేంత కూడా కాదు. ఇది అన్యాయమే. నేను చేశాను కాబట్టి చెప్తున్నాను, అందరూ ఇలాగే చేస్తారు.

ఆ కాస్త సమయంలో మనవాళ్లు నాకు చూపించేదేమిటి? పదో తరగతి మార్కులు! నలభై మూడేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, పాతికమంది ఇంజనీర్లకు పని చెప్పేవాడు, లెక్కల్లో తనకు తొంభై రెండు వచ్చాయని నాకెందుకు చెప్తాడు? తండ్రిగారి పేరు, పెళ్లయిందా లేదా, పాటలు వినడం ఇష్టం, కష్టపడే స్వభావం, చివర్లో "పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అని ఒక ప్రమాణం, దాని కింద ఊరి పేరు, సంతకం. పెళ్లి చూపులకు పంపే బయోడేటాకీ దీనికీ తేడా లేదు. కాలేజీలో ఉన్నప్పుడు నెట్ సెంటర్లో టైపు చేయించుకున్న ఫైలే ఇది. ప్రతి ఉద్యోగానికీ దాని కిందే ఒక పేరా తగిలించుకుంటూ వస్తారు. ఇంటికి గదులు వేసుకుంటూ పోయినట్టు ఆరు పేజీలవుతుంది. ఏ గదిలో మనిషి ఉన్నాడో వెతుక్కోవాల్సింది మాత్రం నేను.

సాంబశివరావు గారి అరచెయ్యి

నాకు పని నేర్పిన బాసు సాంబశివరావు గారు. కోపం వస్తే గొంతు తగ్గించే మనిషి. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. రెజ్యూమె టేబుల్ మీద పెట్టి, పేరూ కంపెనీల పేర్లూ కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, మిగతాది చదవమనేవారు. "ఇప్పుడు చెప్పమ్మా, ఇది ఎవరిది?" ఎవరిదైనా కావచ్చు సార్ అంటే, "అయితే ఎవరిదీ కాదు" అని పక్కన పెట్టేవారు.

నేను చేసిన పెద్ద తప్పు కూడా ఆయన చేతికిందే జరిగింది. అవనిగడ్డ ప్రాంతం నుంచి ఒకాయన రెజ్యూమె వచ్చింది. మన దివిసీమ మనిషి అని ముందు సంతోషించాను. ఆరు పేజీలు. మొదటి రెండు పేజీలూ మార్కులు, ట్రైనింగులు, సర్టిఫికెట్లు. మూడో పేజీకి ఓపిక పోయి పక్కన పడేశాను. కొన్ని నెలల తర్వాత మా కంపెనీలో ఒక పని పీకల మీదికొచ్చింది. ఒక బ్యాంకు పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి ఖాతాలన్నీ మార్చాలి, ఒక్క ఖాతా కూడా తప్పిపోకూడదు. మావాళ్ల వల్ల కాలేదు. బయటి నుంచి ఒక నిపుణుడిని పిలిపించారు. వచ్చింది ఆ ఆరు పేజీలాయనే. క్యాంటీన్లో పెరుగన్నం తింటూ ఏ కోపమూ లేకుండా, "మీ కంపెనీకి అప్లై చేశానండీ. పిలవలేదు" అన్నారు.

వెళ్లి ఆ పాత కాగితం వెతికి తీశాను. అయిదో పేజీలో, పదకొండు లైన్ల మధ్యలో, ఒక బ్యాంకు మార్పిడి ప్రాజెక్టులో "పాలుపంచుకున్నాను" అని ఉంది. ఆ ప్రాజెక్టు మొత్తాన్నీ నడిపింది ఆయనే అని అప్పటికి నాకు తెలిసిపోయింది. కాగితం తీసుకెళ్లి సాంబశివరావు గారికి చూపించాను.

"తప్పు ఎవరిదమ్మా?" అన్నారు.

"ఇద్దరిదీ సార్."

"ఆయన తప్పుకి ఫలితం ఆయన అప్పుడే అనుభవించాడు. నీ సంగతి చూసుకో" అన్నారు, గొంతు బాగా తగ్గించి.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు ఇది చెప్తున్నాను. అయిదో పేజీ కూడా చదవండి. చదవలేకపోతే కనీసం, చదవలేదని గుర్తుపెట్టుకోండి. "సరైన అభ్యర్థులు దొరకడం లేదు" అని మీటింగుల్లో మొహం వేలాడేయకండి. రాసేవాళ్లకు ఇంకోటి చెప్తున్నాను. నాలాంటి మనిషి అయిదో పేజీ చదువుతుందని ఆశపెట్టుకోకండి.

గంపలో పైన ఏది

అందరూ తక్కువ చేసి రాస్తారనుకోకండి. ఎక్కువ చేసేవాళ్లతో ఇంకో రకం తలనొప్పి. పాలకాయతిప్ప దగ్గర చేపల వేటకెళ్లే కుటుంబం అబ్బాయి నాగరాజు, పదకొండేళ్లుగా చెన్నైలో క్లౌడ్ సర్వర్లు చూసే ఉద్యోగం. కంపెనీ మారదామని సెలవు మీద వచ్చినప్పుడు అమ్మను వెంటబెట్టుకుని, ఒక సంచి నిండా ఎండు రొయ్యలతో వచ్చాడు. రెజ్యూమె మొదటి పేజీ నిండా సాఫ్ట్‌వేర్ల పేర్లు. లెక్కపెట్టాను, నలభై ఆరు.

"ఇందులో పోయిన నెలలో వాడినవి ఏవయ్యా?" అన్నాను.

అయిదు చూపించాడు.

"మిగతావి?"

"పేర్లు తెలుసండి. అందరూ పెడతారు మేడమ్ గారండీ. కంప్యూటర్ వెతికితే దొరకాలి కదండీ."

కంప్యూటర్‌కి దొరుకుతావు, తర్వాత మనిషికి కూడా దొరికిపోతావు అని అరిచాను. వాళ్లమ్మ గాభరాపడి, "ఏంటమ్మా, మావోడు తప్పు రాశాడా?" అంది. ఆవిడ అవనిగడ్డ బజారులో ముప్పై ఏళ్లుగా చేపలమ్ముతోంది. విషయం ఆవిడకు అర్థమయ్యేలా చెప్పాను. ఆవిడ కొడుకు వైపు తిరిగి ఒక చూపు చూసింది.

"చందువా చేప కావాలని వచ్చినోళ్ల ముందు గంపంతా కుమ్మరిత్తే నిలబడతారంట్రా? చందువా పైన పెట్టాలి. అడుగున మెత్తబడింది ఒక్కటి కనపడిందా, మంచిది కూడా కొనరు. చిన్నప్పట్నుంచీ చూత్తానే ఉన్నావు కదరా!"

ఇరవై ఎనిమిదేళ్లలో ఎన్నో ట్రైనింగులకు వెళ్లాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ప్రకటనలో అడిగిన వాటిలో మీకు నిజంగా వచ్చినవి పైన ఉండాలి, ఒకప్పుడు వాడి వదిలేసినవి అలాగే చెప్పి కింద ఒక్క లైనులో, రానివి అసలు ఉండకూడదు. నాగరాజు నలభై ఆరుని తొమ్మిదికి దింపాడు. నొచ్చుకుంటూనే దింపాడు. తర్వాత నెలకు మూడు కంపెనీలు పిలిచాయని ఫోన్ చేశాడు. రొయ్యలు కూడా బాగున్నాయి.

మా టీమ్ చేసింది పిన్నీ

ఝాన్సీ దగ్గరకు వస్తాను. శనివారం పొద్దున్న గుడివాడ బస్సు దిగి మా ఇంటికొచ్చింది. కూర్చోకుండానే, "వినీత గారు మీ దగ్గర పనిచేసినావిడే కదా పిన్నీ? వాళ్ల కంపెనీలో నాకు సరిపోయే ఖాళీ ఉంది. మీరు ఒక్క మాట చెప్పండి" అంది. ఇంకెవరైనా అయితే కసిరేదాన్ని. సామ్యూల్ గుర్తొచ్చి ఫోన్ తీశాను. వినీతకు పని నేర్పింది నేనే. నా మాట కాదనదని లోపల ఎక్కడో గర్వం కూడా ఉంది.

ఝాన్సీ అక్కడే ఫోన్లో రెజ్యూమె పంపింది. పావుగంటకు వినీత తిరిగి ఫోన్ చేసింది.

"మేడమ్, మీరు చెప్పారని రెండుసార్లు చదివాను. ఇది మా మేనేజర్ ముందు పెడితే, ఈవిడ పదహారేళ్లు ఏం చేసింది అని అడుగుతారు. నేనేం చెప్పాలి మేడమ్? మంచి మనిషని చెప్పనా? శుక్రవారం దాకా లిస్టు తెరిచే ఉంటుంది. ఏమైనా ఉంటే రాసి పంపమనండి."

నా మొహాన కొట్టినట్టయింది. ఊళ్లో అందరూ నా దగ్గర ఉందనుకునే ఆ ఒక్క మాట విలువ ఇంతే. అరచెయ్యి అడ్డం పెట్టి ఝాన్సీ రెజ్యూమె నేనే చదివాను. ప్రొడక్షన్ సపోర్ట్ పనుల్లో పాలుపంచుకున్నాను, క్లయింట్‌తో సమన్వయం చేశాను, టీముకు సహకరించాను. పేరు మూస్తే అందులో ఎవరూ కనపడలేదు.

"నువ్వు చేసిన పని ఒక్కటి చెప్పు" అన్నాను.

"ఏముంది పిన్నీ, అందరితో పాటే. మా టీమ్ చేసింది."

"టీమ్ సంగతి కాదు, నీ సంగతి."

"సపోర్ట్ పిన్నీ. సిస్టమ్ ఆగితే మళ్లీ నడిపించడం."

"ఎలా నడిపించావు?"

"అంటే... చూస్తాం కదా, చూసి చేస్తాం."

గంటన్నర అడిగాను. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఒక్క ముక్క రాబట్టలేకపోయాను. ఆడపిల్ల తన గొప్ప తాను చెప్పుకుంటే పొగరంటారని చిన్నప్పుడే ఒంటికి పట్టించిన ఇళ్లు మావి. అది తెలిసి కూడా విసుక్కున్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "రేపు ఆరాధన తర్వాత మా ఆయన కోసం ప్రార్థన పెట్టుకున్నాం పిన్నీ, రండి" అని చెప్పి మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయింది. నేను ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

సాక్ష్యం

ఆదివారం గుడివాడ వెళ్లాను. మా చర్చిల్లో ఒక అలవాటుంది. ఆరాధన మధ్యలో ఎవరైనా లేచి, దేవుడు తమకు చేసిన మేలును అందరి ముందూ చెప్తారు. దాన్ని సాక్ష్యం అంటాం. చదువురాని వాళ్లు కూడా కష్టం ఎలా వచ్చింది, ఏం చేశారు, ఎలా గట్టెక్కారు అని వరసగా, పూసగుచ్చినట్టు చెప్తారు. ఝాన్సీ లేచి మైకు తీసుకుంది.

"మేము పనిచేసేది వేరే దేశం ఆసుపత్రుల మందుల సాఫ్ట్‌వేర్ అండి. ప్రతి నెలాఖరుకీ అది ఆగిపోయేది. గంటలు గంటలు. నర్సులు మందుల చీటీలు చేత్తో రాసుకునేవాళ్లు. ఒకసారి ఒక పెద్దాయనకి పక్క బెడ్డు ఆయన మందు ఇవ్వబోయి, ఆఖరు నిమిషంలో ఆపారు. ఆ మాట విన్నాక నాకు ముద్ద దిగలేదండి. ఏళ్ల తరబడి అందరూ ఆగితే మళ్లీ స్టార్ట్ చేసి వదిలేస్తున్నారు. నేను ఉపవాసం ఉండి ప్రార్థన చేసుకుని, మూడు వారాలు ఆ రికార్డులన్నీ ఒక్కొక్క లైనూ చదివానండి. రెండు ప్రోగ్రాములు ఎదురెదురుగా నిలబడి, నువ్వు ముందు అంటే నువ్వు ముందు అని ఆగిపోతున్నాయండి. వాటి వరస మారిస్తే సరిపోతుంది. మేనేజర్ ఒప్పుకోలేదు. చిన్న నమూనా చేసి చూపించాను. అప్పుడు ఒప్పుకున్నారు. ఆ నెల నుంచి ఇప్పటికి నాలుగేళ్లు, ఒక్క నెలాఖరుకి కూడా ఆగలేదండి. నాదేమీ లేదండి, అంతా దేవుని కృప. ఆ దేవుడే ఇప్పుడు కూడా మాకు దారి చూపిస్తాడు."

చర్చంతా ఆమెన్ అంది. నేను మాత్రం బెంచీ మీద కూర్చుని పళ్లు నూరుతున్నాను. నిన్న గంటన్నర గుచ్చి గుచ్చి అడిగితే "చూసి చేస్తాం" అన్న మనిషి ఈమేనా!

ప్రార్థన అయ్యాక చర్చి వరండాలో పట్టుకున్నాను. బ్యాగులోంచి కాగితం, పెన్ను తీసి, "ఇందాక చెప్పింది మళ్లీ చెప్పు, రాస్తాను" అన్నాను.

"అది సాక్ష్యం పిన్నీ! దేవుడు చేసిన మేలు. నేను చేశానని ఉద్యోగం కోసం రాసుకుంటే పాపం కాదూ?"

"తెలివి దేవుడిచ్చాడు, కాదన్నానా? మూడు వారాలు ఆ లైన్లన్నీ కూర్చుని చదివింది ఎవరు?"

"నేనే."

"నమూనా చేసింది?"

"నేనే."

"మేనేజర్ని ఒప్పించింది?"

వరండాలో కుర్చీలో కూర్చున్న సామ్యూల్ అందుకున్నాడు. "ఆ మూడు వారాలూ ఇంట్లో వంట నేనే చేశాను పిన్నిగారూ. ఈవిడే చేసిందని నేను సాక్షిని, రాసుకోండి." ఝాన్సీ నవ్వబోయి ఏడ్చేసింది. నేను రాయడం ఆపలేదు.

ఆ వరండాలోనే ఇంకో మూడు సంగతులు బయటపడ్డాయి. వాటిలో ఒకటి, కొత్తగా చేరినవాళ్లకు ఆమె రాసిపెట్టిన పాఠాలనే టీమంతా ఇప్పటికీ వాడుతున్నారట. అది కూడా ఆమెకు చెప్పుకోదగ్గ పనిలా అనిపించలేదట! సోమవారం రెండు పేజీలు తయారయ్యాయి. మొదటి పేజీ పైన ఆ ఆసుపత్రుల సంగతి నాలుగు లైన్లలో. కష్టం ఏమిటి, తను ఏం చేసింది, తర్వాత ఏం మారింది. సాక్ష్యంలో ఉన్న వరసే. పదో తరగతి మార్కులు, తండ్రిగారి పేరు, ఫోటో, ప్రమాణం తీసేశాం. "ప్రమాణం కూడానా పిన్నీ?" అని కాసేపు బతిమాలింది. అరచెయ్యి అడ్డం పెట్టి చూశాను. పేరు మూసినా ఝాన్సీయే కనపడింది.

మంగళవారం ఆమే పంపింది. నేను వినీతకు మళ్లీ ఫోన్ చేయలేదు. గురువారం వినీతే ఝాన్సీకి ఫోన్ చేసి, మొదటి ఇంటర్వ్యూకి టైము చెప్పింది. మొత్తం మూడు జరిగాయి. నోటీసు ముగియడానికి నాలుగు రోజుల ముందు ఉద్యోగం ఖాయమైంది. సామ్యూల్ డయాలసిస్ ఒక్క వారం కూడా ఆగలేదు.

మళ్లీ గుడివాడ

తర్వాతి ఆదివారం ఆమె కృతజ్ఞత చెప్పుకుంటుందంటే వెళ్లాను. మళ్లీ "నాదేమీ లేదండి" అంటుందని ముందే ఒళ్లు మండుతోంది. ఆమె మైకు తీసుకుంది.

"ఇంటర్వ్యూలో ఒకాయన అడిగారండి, ఇది మీరు చేశారా, మీ టీమ్ చేసిందా అని. మా టీమ్ అనే మాట నోటి దాకా వచ్చేసింది. మింగేశాను. నేనే చేశానండి అన్నాను. అలా అన్నందుకు దేవుడు కోప్పడతాడని ఆ రాత్రంతా భయపడ్డాను. కోప్పడలేదండి."

ముందు సామ్యూల్ ఆమెన్ అన్నాడు. తర్వాత నేనన్నాను, అందరికంటే గట్టిగా.

బయటికి రాగానే సంఘపెద్ద ఒకాయన ఎదురొచ్చి, "మేడమ్ గారూ, మీరు ఒక్క మాట చెప్తే ఝాన్సీకి ఉద్యోగం వచ్చేసిందంట కదా. మా వాడికి కూడా..." అన్నారు. తిట్టడానికి నోరు తెరిచాను. ఝాన్సీ నాకంటే ముందే అందుకుంది.

"పిన్ని మాట చెప్పిందండి బాబాయి గారూ, ఆ మాటతో పని జరగలేదు. ఇలా కూర్చోండి" అని ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి, నా బ్యాగులోంచి పెన్ను తీసుకుంది. "చెప్పండి, మీ వాడు ఏం చేస్తాడు?"

"సాఫ్ట్‌వేరమ్మా."

"సాఫ్ట్‌వేర్లో ఏం చేస్తాడండి?"

"అదే... సాఫ్ట్‌వేర్."

ఝాన్సీ తల పట్టుకుని నా వైపు చూసింది. నేను ఆటో ఎక్కి బస్టాండుకి వెళ్లిపోయాను.